మిల్లు లిక్విడేషన్‌లో పడింది, స్టాఫ్‌కు రాసిచ్చిన కంపెనీ పెన్షన్ ఇక రాదా? (ఆదోని)

ఆదోని_స్టోర్స్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఆదోని వైపు ఒక నూలు మిల్లు, పేరు రాయడం లేదు. మా నాయన అందులో స్టోర్స్ ఇన్‌చార్జి. రోజుకూలి, పీస్‌రేటు కాదు, నెలజీతం స్టాఫ్. 1990 జూన్‌లో చేరి, 58 నిండి 2019 మే 31న రిటైరైనారు. ఆఖరి బేసిక్, డీఏ కలిపి 22,000.

రిటైరైనప్పుడు మిల్లు లెటర్‌హెడ్ మీద "సూపర్‌యాన్యుయేషన్ పథకం కింద జీవితాంతం నెలకు 6,000" అని రాసిచ్చినారు. ఈ కంపెనీ పెన్షన్ 2021 ఫిబ్రవరి దాకా పడింది, ఆ తరువాత నిలిచిపోయింది. పీఎఫ్ పాస్‌బుక్‌లో 2018 మార్చితో చందా జమ ఆగింది. అంటే ఆఖరి 14 నెలలు జీతంలో కోసినారు గానీ కట్టలేదు. గ్రాట్యుటీ ఒక్క రూపాయీ రాలేదు. పీఎఫ్ ఆఫీసు పెన్షన్ మాత్రం మూడు వేల పైచిలుకు నెలనెలా వస్తాంది, పీపీఓ (పెన్షన్ మంజూరు ఆర్డరు)లో సర్వీసు 22 ఏళ్లు అని ఉంది.

మిల్లు మీద ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల ట్రిబ్యునల్)లో దివాలా కేసు నడిచింది. కొనేవాళ్లు ఎవరూ రాలేదు, ఈ నెల మొదట్లో లిక్విడేషన్ ఆర్డరు వచ్చింది, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చి మూసేయమని. గేటుకు నోటీసు అంటించినారు. ఇంతకుముందు మేము ఎక్కడా క్లెయిమ్ వేయలేదు.

అడిగేది ఇది. ఆ 6,000 మళ్లీ వచ్చే దారి ఉందా? 14 నెలల పీఎఫ్ ఎవరిని అడగాలి? గ్రాట్యుటీకి లేబర్ ఆఫీసుకు పోవాలా, ఆ అమ్మకం చూసే లిక్విడేటర్ దగ్గరికా? ఇంకొకటి, ఊర్లో ఒకాయన 15,000 ఇస్తే "హయ్యర్ పెన్షన్" తెప్పిస్తా అంటున్నాడు. నమ్మవచ్చునా?

కడప_చలానా

మీరు అడిగిన డబ్బు ఒకే మూట కాదు, మూడు వేర్వేరు సంచులు. పీఎఫ్ ఆఫీసు నెలనెలా ఇచ్చే ఈపీఎస్ పెన్షన్ ఈపీఎఫ్‌వో (పీఎఫ్ సంస్థ) సంచిలోది. 6,000 పెన్షన్ మిల్లుదో, ట్రస్టుదో, ఎల్‌ఐసీదో ఇంకా తేలాలి. గ్రాట్యుటీ మిల్లు బాకీ. ఏది ఎవరి సంచిలో ఉందో తెలియకుండా తిరిగితే చెప్పులు అరుగుతాయి, అంతే. నాకు తెలిసింది మొదటి సంచి, దాని గురించి రాస్తాను.

ఈపీఎస్ 95 పెన్షన్ మిల్లు మునిగినంత మాత్రాన ఆగదు. మీ నాయనగారి లెక్క చూద్దాం. సూత్రం: పెన్షన్ జీతం × సర్వీసు ÷ 70. జీతం ఎంతున్నా, 2014 ఆగస్టు 31 దాకా చేసిన సర్వీసుకు 6,500 మీద, ఆ తరువాతి సర్వీసుకు 15,000 మీదే లెక్క కడతారు. ఈపీఎస్ పథకం మొదలైన 1995 నవంబరు 16 నుంచి 2014 ఆగస్టు దాకా 18 ఏళ్ల తొమ్మిదిన్నర నెలలు. దానికి దాదాపు 1,745. 2014 సెప్టెంబరు నుంచి 2018 మార్చి దాకా 3 ఏళ్ల 7 నెలలు. దానికి దాదాపు 768. సర్వీసు 20 ఏళ్లు దాటింది కాబట్టి రెండేళ్ల బోనస్, 1995కు ముందు ఫ్యామిలీ పెన్షన్ పథకంలో ఉన్న కాలానికి పాత సర్వీసు లాభం కలుస్తాయి. మీకు వస్తున్న మూడు వేల పైచిలుకు దీనికి సరిపోతుంది.

తప్పిపోయిన 14 నెలల విలువ: 15,000 ÷ 70 × 14 ÷ 12, అంటే నెలకు 250. చిన్నదే అనిపిస్తుంది. కానీ నాయనగారు ఉన్నన్నాళ్లూ వచ్చేది, తరువాత అమ్మగారి పెన్షన్‌కూ అదే ఆధారం.

ఆఫీసులో మొదట వచ్చే జవాబు "చందా రాలేదు, కాబట్టి సర్వీసు లెక్కకు రాదు". ఇక్కడ వెనక్కి తగ్గకండి. ఈపీఎస్ పథకంలో పెన్షన్ సర్వీసుకు ఇచ్చిన నిర్వచనం "చందా అందిన లేదా అందవలసిన సర్వీసు" అని. యజమాని కట్టకపోతే అది అందవలసిన చందా కిందికే వస్తుంది. అర్జీలో ఈ వాక్యం తప్పకుండా రాయండి.

జతపరచవలసినవి: ఆ 14 నెలల పే స్లిప్పులు (పీఎఫ్ కోత కనబడాలి), జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, రిటైర్మెంట్ ఆర్డరు, పాస్‌బుక్ ప్రింటు, పీపీఓ నకలు. పే స్లిప్పులు అన్నీ లేకపోతే ఉన్నన్ని పెట్టండి. 2018-19 ఫారం 16 దొరికితే ఇంకా మంచిది, అందులోనూ పీఎఫ్ కోత కనబడుతుంది. కడప రీజనల్ ఆఫీసుకు అర్జీ ఇచ్చి, అదే ఈపీఎఫ్‌ఐజీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో కూడా పెట్టి రిజిస్ట్రేషన్ నంబరు దాచుకోండి. కడప దాకా పోలేకపోతే ప్రతి నెలా 27న జిల్లాల్లో "నిధి ఆప్‌కే నికట్" శిబిరం ఉంటుంది, అక్కడ ఇవ్వవచ్చు.

అర్జీలో రెండు కోరికలు విడివిడిగా రాయండి. ఒకటి, రావలసిన సర్వీసు కలిపి పీపీఓ సవరించమని. రెండు, మిల్లు బాకీ మీద ఈపీఎఫ్‌వో తరఫున లిక్విడేటర్ దగ్గర క్లెయిమ్ వేయమని. పూర్తి జీతం మీద 12 శాతం కోసి ఉంటే నెలకు 2,640. మిల్లు వాటా కూడా 2,640, అందులో 1,250 పెన్షన్ ఫండ్‌కు, 1,390 పీఎఫ్‌కు. 14 నెలలకు మొత్తం 73,920. ఆలస్యానికి పీఎఫ్ చట్టం 7క్యూ సెక్షన్ కింద 12 శాతం వడ్డీ వేరే. పీఎఫ్ చట్టం 11(2) ప్రకారం ఈ బాకీకి మిల్లు ఆస్తి మీద మొదటి హక్కు ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది, చాలామంది దొరికిపోయేది ఇక్కడే. యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) పోర్టల్‌లో "మార్క్ ఎగ్జిట్" అని మనమే డ్యూటీ వదిలిన తేదీ పెట్టుకునే వీలుంది. అయితే అది ఆఖరి చందా పడిన నెలలోని తేదీనే తీసుకుంటుంది. నెట్ సెంటర్ వాళ్లు ఎవరైనా అలా కొట్టి ఉంటే, రికార్డులో మీ నాయన 2018 మార్చిలో మానుకున్నట్టు ఉంటుంది. పీపీఓలో 22 ఏళ్లు అంటున్నారు కాబట్టి నాకు అనుమానం అదే. సర్వీస్ హిస్టరీలో చూడండి. అలాగే ఉంటే ముందు జాయింట్ డిక్లరేషన్ (ఉద్యోగి, యజమాని ఇద్దరూ సంతకం పెట్టే సవరణ పత్రం) పెట్టి ఎగ్జిట్ తేదీ సరిచేయించాలి, లేకుంటే పీపీఓ సవరణ అర్జీ గాలిలో పోతుంది.

హయ్యర్ పెన్షన్ ఆయనకు ఒక్క రూపాయి ఇవ్వకండి. 2022 నవంబరు 4 సుప్రీంకోర్టు తీర్పు తరువాత పూర్తి జీతం మీద పెన్షన్ కోసం ఉద్యోగులు జాయింట్ ఆప్షన్ పెట్టుకునే గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2023 జూలై 11తో ముగిసింది. అప్పుడు పెట్టని వాళ్లకు ఇప్పుడు కొత్తగా తెప్పించేది ఏమీ లేదు. వాట్సాప్‌లో తిరిగే "కనీస పెన్షన్ 7,500" కూడా పెన్షనర్ల సంఘాల డిమాండే. చేతికొచ్చే కనీసం 2014 నుంచి 1,000.

బళ్లారిరోడ్డు

లిక్విడేషన్ సంగతి నేను చెబుతా. అన్నిటికంటే ముందు తేదీ. లిక్విడేషన్ మొదలైన రోజు నుంచి 30 రోజుల్లో క్లెయిమ్ పోవాలి. గేటు నోటీసులో ఆఖరి తేదీ, లిక్విడేటర్ చిరునామా, ఈమెయిల్ ఉంటాయి, ఫోటో తీసుకోండి. చినిగిపోయి ఉంటే ఐబీబీఐ (దివాలా వ్యవహారాల బోర్డు) వెబ్‌సైట్‌లో పబ్లిక్ అనౌన్స్‌మెంట్ల కింద కంపెనీ పేరు కొడితే దొరుకుతుంది.

దివాలా దశలో ఉద్యోగులు వేసేది ఫారం డి, లిక్విడేషన్‌లో వేసేది ఫారం ఇ. అందరి తరఫున ఒకరు వేస్తే ఫారం ఎఫ్. పాత ఫారం నింపి పంపి తిప్పలు పడేవాళ్లు ఎక్కువ, కాబట్టి నోటీసులో ఏ ఫారం రాసినారో చూసి అదే వాడండి. కార్మికులు, ఉద్యోగులు ఈమెయిల్‌లోనే పంపాలని లేదు. చేతికిచ్చినా, పోస్టులో పంపినా చెల్లుతుంది. స్పీడ్ పోస్ట్ చేసి రసీదు పెట్టుకోండి, అదే రోజు ఈమెయిల్ కూడా కొట్టండి. మిల్లు లెక్కల పుస్తకాలు చూసి, క్లెయిమ్ వేయనివాళ్ల బాకీ కూడా లిక్విడేటర్ ఒప్పుకోవచ్చని నిబంధన ఉంది. ఒప్పుకోవచ్చు అనే ఉంది, తప్పనిసరి కాదు. మూతపడిన మిల్లులో పుస్తకాలు ఏ స్థితిలో ఉంటాయో నేను చెప్పనవసరం లేదు.

మొత్తం ఒకే అంకె వేయకండి. పీఎఫ్ బాకీ, గ్రాట్యుటీ, సూపర్‌యాన్యుయేషన్, జీతం బాకీ ఉంటే అది, నాలుగు వరుసలుగా చూపండి. ఎందుకంటే చట్టం వీటిని ఒకే చోట కూర్చోబెట్టలేదు. దివాలా చట్టం 36(4) ప్రకారం పీఎఫ్, పెన్షన్ ఫండ్, గ్రాట్యుటీ ఫండ్ నుంచి ఉద్యోగికి రావలసినవి లిక్విడేషన్ ఆస్తిలో కలవవు. బ్యాంకులు పంచుకునే కుప్పలోకి అవి రావు, పక్కన పెట్టి ఇవ్వాలి. జీతం బాకీ అయితే ఎవరి అప్పు ముందు తీర్చాలో చెప్పే 53వ సెక్షన్ వరుసలో నిలబడాలి. వర్క్‌మెన్‌కు, అంటే కార్మికులకు, 24 నెలల బాకీ తాకట్టు ఉన్న బ్యాంకులతో సమానంగా, మిగతా ఉద్యోగులకు 12 నెలల బాకీ వాళ్ల తరువాత. మీ నాయన స్టాఫ్ కాబట్టి రెండో వరుస.

గ్రాట్యుటీ లెక్క: 22,000 × 15 ÷ 26 × 29 ఏళ్లు = 3,68,077. 30 రోజుల్లో ఇవ్వకపోతే రిటైరైన తేదీ నుంచే 10 శాతం సాధారణ వడ్డీ, ఏడాదికి దాదాపు 36,800. అది కూడా కలిపి వేయండి. లేబర్ ఆఫీసు దారి ఇప్పుడు ఆలస్యమైంది. లిక్విడేషన్ ఆర్డరు వచ్చినాక కంపెనీ మీద కొత్త కేసు వేయడానికి చట్టం ఒప్పదు. ఇంతకుముందే కర్నూలు అసిస్టెంట్ లేబర్ కమిషనర్ దగ్గర ఆర్డరు తెచ్చుకున్నవాళ్లు ఎవరన్నా ఉంటే, ఆ ఆర్డరు క్లెయిమ్‌కు గట్టి రుజువు.

జవాబు వచ్చినాక కూడా నిద్రపోవద్దు. క్లెయిమ్ కొట్టేసినా, తగ్గించినా ఆ నిర్ణయం అందిన 14 రోజుల్లో 42వ సెక్షన్ కింద ఎన్‌సీఎల్‌టీకి అప్పీలు పోవాలి. ఏ బెంచి అనేది ఫ్యాక్టరీ ఉన్న ఊరిని బట్టి కాదు, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసును బట్టి. అది ఆంధ్రలో ఉంటే అమరావతి, బెంగళూరులో ఉంటే బెంగళూరు.

పెన్నఒడ్డు

బళ్లారిరోడ్డు గారూ, చాలావరకు ఒప్పుకుంటా గానీ రెండు చోట్ల ఆగాలి.

ఒకటి, స్టాఫ్ అంటే వర్క్‌మన్ కాదు అనేయడం. దివాలా చట్టం వర్క్‌మన్ నిర్వచనాన్ని పారిశ్రామిక వివాదాల చట్టం నుంచి తెచ్చుకుంది. అక్కడ చూసేది హోదా కాదు, చేసే పని. గుమాస్తా పని, సాంకేతిక పని చేసేవాడు జీతం ఎంతైనా వర్క్‌మనే. సూపర్‌వైజర్ పని చేస్తూ జీతం 10,000 (2025 నవంబరు దాకా ఉన్న పరిమితి) దాటితే కాదు, మేనేజ్‌మెంట్ పని చేస్తే కాదు. స్టోర్స్ ఇన్‌చార్జి అని బోర్డు ఉన్నా, రోజంతా బిన్ కార్డులు, ఇండెంట్లు, స్టాక్ లెడ్జరు రాసే పని అయితే వాదించే జాగా ఉంది. ఇద్దరు ముగ్గురికి సెలవులు మంజూరు చేసే అధికారం, కొనుగోళ్ల మీద సంతకం ఉంటే కష్టం. ల్యాబ్‌లో నూలు కౌంటు చూసేవాళ్లు, ఎలక్ట్రీషియన్లు, టైమ్ ఆఫీసు గుమాస్తాలు "స్టాఫ్" రిజిస్టర్‌లో ఉన్నారని ఊరికే రెండో వరుసకు పోవద్దు.

అయితే ఈ కేసులో దాని ప్రయోజనం తక్కువ. 24 నెలలైనా 12 నెలలైనా లిక్విడేషన్ తేదీకి ముందువే. 2019లో రిటైరైనాయన పాత జీతం బాకీ ఆ కిటికీలో పడదు, అది చివర్లో మిగతా అప్పులతో పాటే. కాబట్టి బలమంతా ఫండ్ల మీదే పెట్టాలి.

రెండోది అసలు ముఖ్యమైనది. గ్రాట్యుటీ పక్కన పెట్టి ఇవ్వాలి అన్నారు. చట్టంలో ఉన్న మాట గ్రాట్యుటీ ఫండ్. మిల్లు విడిగా ఫండే పెట్టకపోతే? ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ లిక్విడేషన్‌లో ఎన్‌సీఎల్‌ఏటీ (ఎన్‌సీఎల్‌టీ పైన ఉండే అప్పీలు ట్రిబ్యునల్) 2020లో చెప్పింది, ఫండ్ లేనిచోట లిక్విడేటర్‌ను గ్రాట్యుటీకి డబ్బు సమకూర్చమని ఆదేశించలేమని. జెట్ ఎయిర్‌వేస్ కేసులో పీఎఫ్, గ్రాట్యుటీ పూర్తిగా ఇవ్వమన్నారు కదా అని చాలామంది పేపర్ కటింగ్ పట్టుకొని వస్తారు. అది రిజల్యూషన్ ప్లాన్ (దివాలా కంపెనీని మళ్లీ నిలబెట్టే పథకం) పెట్టి కంపెనీని తీసుకునేవాళ్లకు చెప్పింది. మీ మిల్లుకు ప్లానే లేదు. అందుకని ఫండ్ ఉందా లేదా అనేదే మొదటి ప్రశ్న, పెన్షన్‌కూ అదే ప్రశ్న.

6,000 ఎక్కడి నుంచి పడిందో తెలుసుకోవడానికి బ్యాంకు పాస్‌బుక్ చాలు. జమ పక్కన ఎవరి పేరు ఉంది?

ఎల్‌ఐసీ పేరుంటే, మీ నాయన పేరు మీద యాన్యుటీ (ఒకసారి డబ్బు కడితే జీవితాంతం నెలనెలా వచ్చేది) కొనేసి ఉంటారు. అది మిల్లుతో సంబంధం లేని ఒప్పందం, మిల్లు మూతపడితే ఆగదు. ఆగిందంటే బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వకపోవడమో, బ్యాంకు ఖాతా మారడమో కారణం. ఒక్క అర్జీతో పాత బకాయితో సహా వస్తుంది.

సూపర్‌యాన్యుయేషన్ ట్రస్టు పేరుంటే, ఆ ట్రస్టు ఆస్తి మిల్లుది కాదు. ఇతరుల కోసం ట్రస్టుగా పట్టుకున్న ఆస్తి లిక్విడేషన్‌లో కలవదని అదే 36(4) చెబుతుంది. అప్పుడు మీరు వెతకవలసింది ట్రస్టీలను. ఇంకోటి, ఇన్‌కమ్ ట్యాక్స్ ఆమోదం ఉన్న ట్రస్టు నెలనెలా తన చేతి నుంచి పెన్షన్ పంచే పద్ధతి లేదు. ఉద్యోగి రిటైరైనప్పుడు బీమా కంపెనీ నుంచి యాన్యుటీ కొనివ్వాలి. కొనకుండా పంచుతున్నారంటే అక్కడే ఏదో తేడా ఉంది.

మిల్లు కరెంట్ ఖాతా పేరే ఉంటే, చేదు మాటే చెప్పాలి. వెనుక ఫండ్ లేని మాట అది. లెటర్‌హెడ్ మీద రాసిచ్చినా తాకట్టు లేని అప్పుతో సమానం.

ఆదోని_స్టోర్స్

చాలా థ్యాంక్స్. పాస్‌బుక్ చూసినా. అన్ని నెలలూ మిల్లు కరెంట్ ఖాతా నుంచే పడింది. కానీ పాత ఫైల్లో రెండు కాగితాలు దొరికినాయి. ఒకటి 2009 నాటిది, "స్టాఫ్ సూపర్‌యాన్యుయేషన్ ఫండ్ ట్రస్ట్" నుంచి ఏటా ఇచ్చే స్టేట్‌మెంటు, అందులో నాయన పేరు మీద నిల్వ చూపినారు. రెండోది ఎల్‌ఐసీ గ్రూప్ గ్రాట్యుటీ మాస్టర్ పాలసీ నంబరు ఉన్న సర్క్యులర్. కడప_చలానా సార్ చెప్పినట్టే సర్వీస్ హిస్టరీలో ఎగ్జిట్ 2018 మార్చి అనే ఉంది. ఈ కాగితాలు ఏమన్నా పనికొస్తాయా? నాయనతో పాటు రిటైరైన స్టాఫ్ ఇంకా ఉన్నారు, అందరం కలిసి వేస్తే మేలా?

పెన్నఒడ్డు

పనికొస్తాయా అంటావేమప్పా, కేసంతా ఆ రెండు కాగితాల మీదే ఉంది. నిన్నటిదాకా మీ చేతిలో వట్టి లెటర్‌హెడ్, ఇప్పుడు ఫండ్ ఉండేదని రుజువు.

ముందు గ్రాట్యుటీ పాలసీ. ఆ నంబరు పట్టుకొని ఎల్‌ఐసీకి రాయండి. ఆదోని బ్రాంచిలో తేలదు, గ్రూప్ పథకాలు చూసేది వాళ్ల పెన్షన్ అండ్ గ్రూప్ స్కీమ్స్ యూనిట్. ఏ యూనిట్ అనేది మాస్టర్ పాలసీ మీదే ఉంటుంది. లేకుంటే కడప డివిజనల్ ఆఫీసులో అడిగితే చెబుతారు. అడగవలసింది: పాలసీ ఇంకా నడుస్తుందా, ఫండ్‌లో ఎంత నిల్వ ఉంది, సభ్యుల జాబితాలో నాయన పేరు ఉందా. సాధారణంగా జరిగేది ఏమిటంటే, మిల్లు నష్టాల్లో పడినాక ఏటా కట్టవలసింది కట్టదు, పాత నిల్వ మాత్రం అక్కడే ఉంటుంది. అది అందరికీ పూర్తిగా చాలకపోవచ్చు. కానీ క్లెయిమ్ కాగితం మీద మిల్లు తరఫు సంతకం లేనిదే ఎల్‌ఐసీ విడుదల చేయదు, ఇప్పుడు ఆ సంతకం లిక్విడేటర్‌ది. అందుకే పాలసీ నంబరును ఫారం ఇ లోనే రాసి, ఇది లిక్విడేషన్ ఆస్తి కాదు, క్లెయిమ్ ఫారం మీద సంతకం పెట్టి ఎల్‌ఐసీకి పంపండి అని స్పష్టంగా కోరండి. మీరు చెప్పకపోతే ఆ పాలసీ ఉన్నట్టు లిక్విడేటర్‌కు తెలియకపోవచ్చు. ఇంకా అన్యాయం ఏమిటంటే, మిల్లు పాలసీని సరెండర్ చేసి డబ్బు వాడుకొని ఉండొచ్చు. ఎల్‌ఐసీ జవాబులో అలా బయటపడితే ఆ జవాబును దాచండి, లిక్విడేటర్‌కు కాపీ పెట్టండి. పాత డైరెక్టర్లు తప్పుగా తరలించిన డబ్బును వెనక్కి రాబట్టమని ఎన్‌సీఎల్‌టీని అడిగే అధికారం ఆయనకు ఉంది.

తరువాత ట్రస్టు. లిక్విడేటర్‌కు విడిగా ఒక ఉత్తరం రాసి ఇవి అడగండి: ట్రస్టు డీడు, నిబంధనలు, ఇన్‌కమ్ ట్యాక్స్ ఆమోదం ఆర్డరు, ఆఖరి మూడేళ్ల ఖాతాలు, ట్రస్టు బ్యాంకు ఖాతా, డిపాజిట్ల వివరం. 2009 నిల్వ ఎంతో అంత మీ నాయన పేరు మీద ట్రస్టులో ఉండాలి, ఆ తరువాత కలిసినవి వేరే. మిల్లు తన ఖాతా నుంచి 6,000 ఇస్తూ వచ్చిందంటే, ట్రస్టు డబ్బును మిల్లు వాడుకొని నెలనెలా ఇచ్చి కప్పిపుచ్చిందా, లేక ట్రస్టులో సొమ్ము కదలకుండా ఉందా అనేది ఖాతాల్లోనే తెలుస్తుంది.

క్లెయిమ్‌లో పెన్షన్‌కు ఎంత వేయాలి అంటారా. 2021 మార్చి నుంచి లిక్విడేషన్ తేదీ దాకా నెలకు 6,000 చొప్పున బకాయి ఒక అంకె. ముందుకు రావలసిన దానికి, నాయనగారి ఇప్పటి వయసుకు నెలకు 6,000 వచ్చే తక్షణ యాన్యుటీ కొనాలంటే ఎంతవుతుందో ఎల్‌ఐసీ కొటేషన్ తీసుకొని జతపరచండి. ఊరికే "జీవితాంతం" అని రాస్తే అంకె లేదని పక్కన పడేస్తారు. ఈ వరుస పక్కన "36(4) కింద ట్రస్టు, పెన్షన్ ఫండ్ సొమ్ము, అది ఒప్పుకోకపోతే అప్పు కింద" అని రెండు రకాలుగా రాయండి. ఒకటే రాస్తే అది కొట్టేసినప్పుడు చేతిలో ఏమీ మిగలదు.

బళ్లారిరోడ్డు

ల్యాంకో తీర్పు గురించి పెన్నఒడ్డు గారు చెప్పింది సరే. పాలసీ దొరికినాక అది మీకు అడ్డం రాదు, పాలసీలో నిల్వ ఉన్నంతవరకు.

కలిసి వేయడం మంచిదే. ఫారం ఎఫ్‌కు ఒకరిని ప్రతినిధిగా పెడితే ఫాలోఅప్, అప్పీలు ఖర్చు పంచుకోవచ్చు. కానీ జతపరిచే పట్టికలో ప్రతి మనిషికీ విడి లెక్క ఉండాలి: చేరిన తేదీ, వదిలిన తేదీ, ఆఖరి బేసిక్ డీఏ, గ్రాట్యుటీ, పీఎఫ్ బాకీ నెలలు, పెన్షన్ బకాయి, బ్యాంకు ఖాతా. ఒక్కరి కాగితాలు సరిగా లేవని మొత్తం పట్టికను పెండింగ్ పెట్టే రకం కూడా ఉంటారు. అందుకే కాగితాలు గట్టిగా ఉన్నవాళ్లు ఫారం ఇ విడిగా కూడా వేయడం క్షేమం. అప్పుడు "అదే బాకీ ప్రతినిధి క్లెయిమ్‌లోనూ ఉంది" అని ఒక వాక్యం రాయండి, లేకపోతే రెండుసార్లు అడిగారంటారు. ఎవరన్నా చనిపోయి ఉంటే భార్య లేదా వారసులు వేయవచ్చు, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పెట్టాలి. తహసీల్దార్ ఆఫీసులో ఆ సర్టిఫికెట్‌కు రోజులు పడతాయి. అది వచ్చేదాకా ఆగకుండా అర్జీ రసీదు పెట్టి క్లెయిమ్ పంపేయండి.

జీతంలో కోసి కట్టని పీఎఫ్ మీద పోలీసు కేసు అవుతుంది, నమ్మకద్రోహం కింద. డైరెక్టర్లు దిగిరావడానికి అది పనికొస్తుందేమో గానీ డబ్బు తేదు. ముందు క్లెయిమ్.

కొండారెడ్డిబురుజు

పక్క ప్రశ్న, క్షమించండి. మా పెదనాయన కూడా మూతపడిన ఫ్యాక్టరీనే, కర్నూలు. ఇంకా ఈపీఎస్ పెన్షన్‌కే పెట్టుకోలేదు. 10డి ఫారం మీద సంతకానికి ఫ్యాక్టరీలో ఎవరూ లేరు. ఏం చేయాలి?

కడప_చలానా

ఫ్యాక్టరీ సంతకం లేకున్నా పని అవుతుంది. యూఏఎన్‌కు ఆధార్, బ్యాంకు కలిసి ఉండి, ఎగ్జిట్ తేదీ నమోదై ఉంటే 10డి ఆన్‌లైన్‌లో ఓటీపీతోనే పోతుంది. కాగితం మీద అయితే మూతపడిన సంస్థ వాళ్లకు గెజిటెడ్ ఆఫీసరు, ఖాతా ఉన్న బ్యాంకు మేనేజరు, పోస్ట్‌మాస్టరు, సర్పంచి లాంటి వాళ్ల సంతకం తీసుకుంటారు. బ్యాంకు మేనేజరుదే తేలిక. పైన చెప్పిన "మార్క్ ఎగ్జిట్" చిక్కు మీకూ వర్తిస్తుంది, తొందరపడి కొట్టకండి. కనీసం 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. ఆరు నెలలు, అంతకు మించి ఉంటే ఏడాదిగా లెక్క, కాబట్టి తొమ్మిదిన్నర ఏళ్లున్నా అర్హతే. రెండు మూడు ఫ్యాక్టరీల్లో చేసి ఉంటే పాత నంబర్లు ఫారం 13తో కలిపినాకే 10డి పెట్టండి. మునుపు ఎక్కడైనా 10సి మీద పెన్షన్ డబ్బు తీసేసుకొని ఉంటే ఆ కాలం లెక్కకు రాదు.

ఆదోని_స్టోర్స్ గారూ, ఎగ్జిట్ తేదీకి జాయింట్ డిక్లరేషన్ కూడా అలాగే. ముందు లిక్విడేటర్ సంతకం అడగండి, మిల్లు తరఫున ఇప్పుడు ఆయనే. ఆయన జవాబివ్వకపోతే అడిగిన ఈమెయిల్ ప్రింటు జతచేసి బ్యాంకు మేనేజరు సంతకంతో పెట్టండి. రిటైర్మెంట్ ఆర్డరు, 2019 మే జీతం స్లిప్పు తప్పకుండా ఉండాలి.

ఎలాగూ కడపకు అర్జీ పోతుంది కాబట్టి ఇంకొకటి చేయండి. పీపీఓలో అమ్మగారి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయా చూసి, తేడా ఉంటే అదే కట్టలో సవరణ పెట్టండి. నాయనగారు సంతకం పెట్టగలిగినప్పుడు ఇది ఒక్క కాగితం పని. తరువాత అయితే అమ్మగారికి రావలసిన సగం పెన్షన్ ఆ ఒక్క అక్షరం దగ్గర నెలల తరబడి ఆగుతుంది. జీవన్ ప్రమాణ్ (బతికున్నట్టు సర్టిఫికెట్) కూడా ఏడాది తిరిగేలోపు మళ్లీ ఇవ్వాలి, ఇచ్చిన తేదీని పీపీఓ మీదే పెన్సిలుతో రాసి పెట్టుకోండి.